పాత కిరాయిదారుల ఉత్తరాలను చెత్తలో వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

హనుమకొండ, వరంగల్, కాజీపేట, ఎక్కడ ఇల్లు కిరాయికి తీసుకున్నా అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ల ఉత్తరాలు మన గుమ్మానికే వస్తుంటాయి. బ్యాంకు కవర్లు, ఎల్ఐసీ ప్రీమియం నోటీసులు, పెండ్లి పత్రికలు, లాయర్ నోటీసులు. ఒక్కోసారి మనకు ముందున్నవాళ్లవి కూడా కాదు, వాళ్లకంటే ముందున్నవాళ్లవి. చాలా ఇళ్లల్లో వీటిని కొన్నాళ్లు కరెంటు మీటరు మీద పెట్టి, దుమ్ము పట్టాక చెత్త ఆటోలో వేసేస్తున్నారు. ఇది చాలా తప్పు పని, దాని గురించే ఈ ఉత్తరం.

మేముండేది నయీంనగర్‌లో. ఇక్కడ ఒకే కుటుంబం ఏండ్లకేండ్లు ఒకే వాటాలో ఉండడం తక్కువ. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు కోర్సు అయిపోగానే వెళ్లిపోతారు, రైల్వేవాళ్లకు, బ్యాంకువాళ్లకు బదిలీలు ఉండనే ఉంటాయి. మనుషులు పోతారు కానీ ఆధార్‌లో, లోన్ కాగితాల్లో పాత ఇంటి నంబరే ఉండిపోతుంది. పైగా మన జిల్లాల పేర్లు ఎన్నిసార్లు మారాయో చూడండి. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ జిల్లా అయింది, అయినా ఇప్పటికీ వరంగల్ అర్బన్ అని, కొన్నింటి మీదైతే ఆంధ్రప్రదేశ్ అని కూడా రాసి కవర్లు వస్తూనే ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ 506తో మొదలయ్యే పిన్‌కోడ్, ఇంటి నంబరు చూసుకుని తెచ్చి ఇస్తాడు, లోపల ఇప్పుడు ఎవరుంటున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు కదా.

ఈ మధ్య మా పక్క వాటాకు వచ్చిన ఒక కవరు సంగతి చెప్తాను. బంగారం తాకట్టు పెట్టుకునే ఒక కంపెనీ నుంచి వచ్చింది, ముందు భాగంలో ప్లాస్టిక్ కిటికీలోంచి పేరు కనబడుతోంది, ఆ పైనే వేలం నోటీసు అని అచ్చు వేసి ఉంది. కొత్తగా దిగినవాళ్లు మనది కాదులే అని పక్కన పడేయబోతే మా ఓనరమ్మ చూసి ఆపింది. ఆ పేరున్నావిడ ఖాళీ చేసి జమ్మికుంటకు వెళ్లిపోయింది, ఫోన్ నంబరు కూడా మార్చింది కాబట్టి కంపెనీ మెసేజ్‌లేవీ ఆమెకు అందడం లేదు. ఓనరమ్మ ఆమె ఆడబిడ్డ నంబరు వెతికి పట్టుకుని చెప్పింది. తాకట్టులో ఉన్నది పుస్తెలతాడు. పత్తి డబ్బులు చేతికొచ్చాక కడదామనుకున్న మనిషి, వేలం తేదీ దగ్గర పడిందని తెలిసి అప్పటికప్పుడు వచ్చి వడ్డీ కట్టి విడిపించుకోవడానికి టైం తీసుకుంది. ఆ కవరు చెత్త ఆటో ఎక్కి ఉంటే ఆ పుస్తెలతాడు పోయేదే.

మనం ఆలోచించని సంగతి ఒకటుంది. కవరు వెనక్కి పోతేనే ఆ మనిషి అక్కడ లేడని పంపినవాళ్లకు తెలుస్తుంది. మనం పారేస్తే వాళ్ల లెక్కలో అది చేరినట్టే. చట్టం కూడా దాదాపు ఇదే చెప్తుంది. సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్‌లో ఉంది, అందలేదని చూపించుకోవాల్సిన బాధ్యత నోటీసు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషిదే. చెక్కు బౌన్స్ కేసుల్లో అయితే నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులే గడువు. అవతలి మనిషికి ఏమీ తెలియకుండానే ఆ 15 రోజులు గడిచిపోవచ్చు.

అందుకే సంతకం అడిగే స్పీడ్ పోస్టు (రిజిస్టర్డ్ పోస్టును కూడా 2025లో దీంట్లోనే కలిపేశారు) వేరేవాళ్ల పేరు మీద వస్తే, పాపం పోస్ట్‌మ్యాన్ మళ్లీ తిరగాలి కదా అని జాలిపడి సంతకం పెట్టకండి. వాళ్లు ఇల్లు ఖాళీ చేశారని చెప్పండి, ఆయన ఆ మాట రాసుకుని వెనక్కి పంపుతాడు. మామూలు కవరైతే చించకుండా దాని మీదే ఈ అడ్రసులో లేరు, పంపినవారికి తిరిగి పంపండి అని రాసి పోస్ట్‌మ్యాన్‌కు ఇవ్వండి, లేదా ఎర్ర డబ్బాలో వేయండి. కవరు మీద పంపినవాళ్ల అడ్రసు లేకపోయినా పోస్టాఫీసువాళ్లకు దానికోసం రిటర్న్డ్ లెటర్ ఆఫీసు అని వేరే ఉంది, తెరిచి చూసే అధికారం వాళ్లది, మనది కాదు.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. కొంతమంది సాయం చేస్తున్నామనుకుని కవరు ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు, వీళ్లెవరికైనా తెలుసా అని. ఒకరి అప్పు, కోర్టు గొడవ గల్లీ అంతా చదవాల్సిన అవసరం ఏముంది? మనిషి తెలిస్తే ఆ మనిషికే ఫోన్ చేయండి.

కొత్తగా దిగినవాళ్ల టెన్షన్ కూడా నాకు తెలుసు. పాతవాళ్ల అప్పు వల్ల మన సిబిల్ స్కోరు పాడవుతుందేమో అని అడుగుతుంటారు. అప్పు రికార్డు మనిషి పేరు, పాన్ నంబరు మీద ఉంటుంది, ఇంటి నంబరు మీద కాదు. రికవరీ ఏజెంట్లు వస్తే కిరాయి అగ్రిమెంటు చూపించి పంపించేయొచ్చు. పొద్దున 8 గంటల లోపు, సాయంత్రం 7 దాటాక అప్పు తీసుకున్నవాళ్లకే ఫోన్ చేయొద్దని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది, ఏ సంబంధమూ లేని మనల్ని రాత్రిపూట తలుపు కొట్టి బెదిరిస్తే ఊరుకోవాల్సిన పని లేదు.

ఓనర్లకు ఒక విన్నపం. ఖాళీ చేసేటప్పుడు కరెంటు బిల్లు, సున్నాల ఖర్చు పైసలతో సహా లెక్క చూసుకుంటారు, అప్పుడే కొత్త అడ్రసు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు కూడా రాసిపెట్టుకోండి. వెళ్లేవాళ్లు తమ పాత పోస్టాఫీసులో అడ్రసు మారిందని ఒక కాగితం రాసి ఇచ్చి పోవాలి. ఓటరు లిస్టులో అడ్రసు మార్చుకోవడానికి ఫారం 8 ఉంది, ఆధార్‌లో అడ్రసు ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు. పాస్‌పోర్టుకు అప్లై చేసినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ కవరు మనిషి చేతికే ఇస్తారు, లేకపోతే పాస్‌పోర్టు ఆఫీసుకు తిరిగిపోతుంది. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ (అక్షరాలు, అంకెలు కలిపి 10 ఉండే డిజిటల్ అడ్రసు కోడ్) మంచిదే, అయితే అది చోటును చూపిస్తుంది గానీ ఆ చోట ఎవరున్నారో చెప్పదు.

తపాలా శాఖవారు మన ట్రైసిటీ పోస్టాఫీసుల్లో, అడ్రసు మారితే ఏ కౌంటర్‌లో ఏం రాసివ్వాలో తెలుగులో ఒక బోర్డు పెట్టిస్తే బాగుంటుంది. ఇక బ్యాంకులు, బంగారం లోన్ల కంపెనీలు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. వెనక్కి వచ్చిన వేలం నోటీసును మీ బ్రాంచిలో ఎవరు చూస్తున్నారు, చూశాక వేలం ఆపి ఆ మనిషిని వెతుకుతున్నారా, లేక ఫైల్లో పెట్టి నగ అమ్మేస్తున్నారా?

ఇట్లు,
ఒక కిరాయిదారు,
నయీంనగర్, హనుమకొండ