నిర్మాత డబ్బు హార్మోనియం దాకా చేరాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

సినిమా నిర్మాత ఎవరైనా నాటక సమాజానికో సంగీత సభకో విరాళమిస్తే పేరు కోసమని కొందరు, దానగుణమని కొందరు అంటుంటారు. పేరు కోసమైనా నాటక సమాజం నడిపే మాకు అభ్యంతరం లేదు, డబ్బు డబ్బే. కానీ నిర్మాతకు ఇది ముందు ముడిసరుకు వ్యవహారం. ఆ సంగతి ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ కూడా మరిచిపోతున్నారు.

ఏడిద నాగేశ్వరరావు గారు నాటకాలాడి, సినిమాల్లో చిన్న వేషాలు వేసి, డబ్బింగ్ చెప్పి, ఆ తర్వాత నిర్మాత అయ్యారు. ఆయన తీయగా 1980లో వచ్చిన ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి పాత్ర దర్శకులు కె. విశ్వనాథ్ గారు ఏ స్టారుకీ ఇవ్వలేదు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకుంటూ ‘కన్యాశుల్కం’ నాటకంలో రామప్ప పంతులు వేషం కట్టిన జె.వి. సోమయాజులు గారికి ఇచ్చారు. ఆయన గొంతునూ, నడకనూ, కంటి చూపునూ ఏళ్ల తరబడి తీర్చిదిద్దింది స్టేజీ. ఆ తర్ఫీదుకు సినిమా బడ్జెట్లోంచి పైసా పడలేదు. అలాంటి మనుషులు రేపు కూడా దొరకాలంటే ఇవాళ ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి కదా.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? శాలువా, జ్ఞాపిక, వేదిక మీద పెద్ద చెక్కు, ఫొటో. మర్నాటికి ఆ డబ్బు పాత బాకీలకు పోతుంది. ఇంకాస్త పెద్ద మనసున్నవాళ్లు కళాక్షేత్రం కట్టిస్తారు. కట్టడానికి దాత దొరుకుతాడు గానీ కరెంటు బిల్లుకూ వాచ్‌మన్ జీతానికీ దొరకడు. రెండేళ్లు తిరిగేసరికి హాలు పెళ్లిళ్లకు అద్దెకు పోతుంది, ముహూర్తాల రోజుల్లో నాటకానికి తేదీ ఇవ్వరు. కట్టించేవారు కట్టుబడితో పాటు నిర్వహణకూ కొంత బ్యాంకులో వేసి, వడ్డీ మాత్రమే వాడాలని రాయించాలి. ఏడు శాతం లెక్కన పది లక్షలకు ఏడాదికి డెబ్బై వేలు వస్తుంది. చిన్న మొత్తమే, అయినా దీపాలు వెలుగుతాయి.

అసలు కొరత హార్మోనిస్టులది. పద్యనాటకంలో హార్మోనిస్టు సగం గురువు. శ్రుతి ఇవ్వడంతో ఆయన పని అయిపోదు. పద్యం ఎక్కడ విరవాలో, రాగం ఎంతసేపు లాగొచ్చో ఆయనే చెబుతాడు. నటుడు తడబడితే ఎత్తుగడ అందిస్తాడు. ఆయనకు ప్రదర్శన ఉన్న రాత్రే డబ్బు, లేని నెల పస్తు. ఇక ఈ పని నేర్చుకోవడానికి కుర్రాళ్లెవరొస్తారు? ఒక హార్మోనిస్టు దగ్గర ఇద్దరిని మూడేళ్లపాటు నెలవారీ భృతి మీద పెడితే చాలు. హార్మోనియం పెట్టె మరమ్మతుకూ కొంత తీసిపెట్టాలి. వానాకాలం చెమ్మకు మెట్లు ఉబ్బి నొక్కినవి లేవవు, రీడ్ల (స్వరం పలికే లోహపు నాలుకల) సందున దుమ్ము చేరితే స్వరం జీరపోతుంది, తిత్తి మడతలో తోలు చీలితే గాలి నిలవదు. పట్టణాల్లో బాగుచేసేవాళ్లు కూడా తగ్గిపోయారు.

డబ్బుకన్నా విలువైనది ఇంకొకటి నిర్మాత దగ్గరుంది, సౌండ్ ఇంజనీరు. అద్దె మైకుసెట్టు కుర్రాడు కాలర్ మైకును కృష్ణుడి ఛాతీ మీద పెడతాడు. హారాలు రాసుకుని రాయబారం పద్యాలన్నీ గరగరమంటాయి. దాన్ని నుదుటి దగ్గర కిరీటం అంచున అతికించి, తీగను మెడ వెనక నుంచి దించి, నడుముకు కట్టిన మైకు పెట్టెకు చెమట తగలకుండా ప్లాస్టిక్ చుడితే సరిపోతుంది. ఈ పని తెలిసిన మనిషిని నాటక పరిషత్తు పోటీలకు రెండు రోజులు పంపితే, పదివేల చెక్కుకన్నా ప్రేక్షకులకు అదే మేలు.

లెక్కల సంగతీ చెప్పాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టవలసినవి పెద్ద కంపెనీలే: ఏడాదికి నికర లాభం 5 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) 500 కోట్లు ఉన్నవి. సంప్రదాయ కళల ప్రోత్సాహం ఆ జాబితాలో ఉంది. కానీ సొంత పేరునో, భాగస్వామ్యంలోనో, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ)గానో సినిమాలు తీసేవాళ్లకు ఆ చట్టం వర్తించదు, వాళ్లు ఇచ్చేది ఇష్టపూర్వకమే. దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే సమాజానికి 80జి అని అందరం పిలిచే నమోదు ఉండాలి, 2,000 దాటిన విరాళం నగదుగా ఇవ్వకూడదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఈ మినహాయింపు రాదు. సమాజం కార్యదర్శి ఏటా విరాళాల వివరం ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయకపోతే దాతకు సర్టిఫికెట్ అందదు, మరుసటి ఏడు ఆ దాత మన ఫోను ఎత్తడు. ఇందులో తప్పు ఎక్కువసార్లు మా సమాజాలదే.

అందుకని నిర్మాతలకు మా మనవి: సినిమాకు ఎలా ఇస్తారో నాటకానికీ అలాగే ఇవ్వండి. రిహార్సళ్లు మొదలైన రోజు మూడో వంతు, తెరలూ దుస్తులూ సిద్ధమయ్యాక మూడో వంతు, ప్రదర్శన అయ్యాక రసీదులు చూసి మిగతాది. పొరుగూరి నుంచి వచ్చే నటీమణులకు రిహార్సల్ రోజులకూ పారితోషికం, దారిఖర్చు విడిగా రాయించండి. వాళ్లు రెండు రిహార్సళ్లకే పరిమితమై, మూడో రోజు స్టేజీ ఎక్కుతున్నారంటే కారణం ఆ డబ్బు లేకపోవడమే. హార్మోనిస్టుకూ తబలా ఆయనకూ ఇవ్వాల్సింది కార్యదర్శి చేతికి కాకుండా నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలోనే వేయించండి.

ఇట్లు,
నాటక సమాజ నిర్వాహకులు,
తెనాలి