నూలని చెప్పి అమ్మిన లైనింగు గుడ్డ గురించి ఫిర్యాదు

అంబాజీపేట మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా,
20 జనవరి 2025.

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: 2024 డిసెంబరు 9న మీ ఆన్‌లైన్ దుకాణంలో నేను కొన్న 25 మీటర్ల తెల్ల లైనింగు గుడ్డ. నూరు శాతం కాటన్ అని అమ్మి, కాటన్ కానిది పంపడం.

అయ్యా,

నేను చిన్నపిల్లల పండగ బట్టలు కుడతాను. పదహారేళ్లుగా నా జీవనం ఇదే. సంక్రాంతికి పట్టు లంగాలు, జాకెట్లు, మగపిల్లలకి బొందు పంచెలు, లాల్చీలు. కృష్ణాష్టమికి కృష్ణుడి వేషాలు, గోపికల వేషాలు. ధనుర్మాసంలో బడి కార్యక్రమాలకి హరిదాసు వేషం కావాలని కూడా వస్తారు. మొన్నటి సంక్రాంతికి 14 లంగా జాకెట్లు ఒప్పుకున్నాను. అన్నీ ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలవే. వాటికి లోపల వేసే గుడ్డ కోసం మీ దగ్గర ఆర్డరు పెట్టాను. మీటరు 68 రూపాయల చొప్పున 1,700, పంపినందుకు 90, మొత్తం 1,790 రూపాయలు ముందే కట్టాను.

ప్యాకెట్టు 14వ తేదీన అందింది. స్టిక్కరు మీద నూరు శాతం కాటన్ అనీ, 25 మీటర్లనీ ఉంది. టేపు పెట్టి కొలిస్తే 23 మీటర్ల 80 సెంటీమీటర్లే తేలింది. అదీ తప్పే. కానీ నేనీ ఉత్తరం రాస్తున్నది ఆ మీటరుంబావు కోసం కాదు.

చిన్నపిల్లల పట్టు లంగాకి పైన కనపడే పట్టు కంటే లోపలి గుడ్డే ముఖ్యమని నేను నమ్ముతాను. జరీ అంచు వెనకవైపు తీగలు పైకి లేచి ఉంటాయి. అవి పిల్ల పిక్కలకి గీరుకుంటే పది నిమిషాల్లో లంగా విప్పేయమని ఏడుస్తుంది. జాకెట్టు చంకల దగ్గర చెమట పీల్చే గుడ్డ లేకపోతే మధ్యాహ్నానికి ఎర్రగా కందిపోతుంది. అందుకే నేను మెడ చుట్టూ, చేతుల లోపల, నడుం పట్టీ కింద నూలు తప్ప ఇంకోటి వెయ్యను. పసిపిల్లలకైతే వెనక హుక్కులు కూడా పెట్టను, పడుకున్నప్పుడు గుచ్చుకుంటాయని టిచ్ బటన్లు వేస్తాను. వచ్చే ఏడాదికి పొడుగు వదలడానికి అడుగున రెండంగుళాల మడత పెడతాను. ఇవన్నీ ఎవరికీ కనపడవు. కానీ తల్లులు నా దగ్గరికి వచ్చేది వీటికోసమే.

నూలు గుడ్డని కోసే ముందు ఒక రాత్రి నానేసి ఆరబెట్టడం మా అలవాటు. ముందే కుదించుకుపోతే తర్వాత ఉతికినప్పుడు లంగా అడుగు ముడుచుకోదు. మీ గుడ్డ దండెం మీద గంటలో ఆరిపోయింది. కొలిస్తే అంగుళం కూడా తగ్గలేదు. మిల్లులోనే కుదించి పంపారేమో అనుకుని, స్టిక్కరుని నమ్మి కత్తెర పెట్టాను.

ఆ 14లో ఒక లంగా పాత చీరతో కుట్టాల్సింది. మా వీధిలో ఒకావిడ తన అత్తగారి పెళ్లినాటి పట్టుచీర తెచ్చారు. వంగపండు రంగు, జానెడు జరీ అంచు. పమిట దగ్గర నేత విడిపోయింది గానీ అంచు చెక్కుచెదరలేదు. ఆ పెద్దావిడ పోయి రెండేళ్లయింది. ఆ చీరలోంచి నాలుగేళ్ల మునిమనవరాలికి లంగా, మిగిలినదాంతో బుట్టచేతుల జాకెట్టు కుట్టమన్నారు. కొత్త తాను పాడైతే ఇంకోటి కొనొచ్చు. పాత చీరకి ఆ వీలు లేదు. అందుకని దాన్ని పొద్దుటి వెలుతురులో, చేతిలో వేరే పని లేనప్పుడు కోశాను. కుచ్చెళ్లన్నీ ముందు చేత్తో టాకాలు వేసుకుని, తర్వాతే మిషను మీద పెట్టాను.

జనవరి 6 రాత్రి ఇస్త్రీకి కూర్చున్నాను. పట్టుకి వేడి నేరుగా తగలకూడదని లంగాని తిరగేసి, లైనింగు వైపు నుంచి ఇస్త్రీ చేస్తాం. లోపల నూలుంది కదా అని పెట్టెని కాటన్ వేడి మీద పెట్టాను. ఒక్కసారి లాగేసరికి పెట్టె కదల్లేదు. ఎత్తి చూస్తే గుడ్డ పెట్టెకి జిగురులా అతుక్కుని ఉంది. కింద కుచ్చెళ్లకి కూడా అంటుకుపోయింది. చల్లారాక గోటితో తీస్తుంటే దాంతోపాటు పట్టు పోగులు లేచి వచ్చాయి. జరీ అంచులో అరచేయంత మేర నల్లబడింది.

అప్పుడు మిగిలిన గుడ్డలోంచి నాలుగు పోగులు లాగి దేవుడి దీపం దగ్గర పెట్టి చూశాను. కుట్టుపని చేసేవాళ్లందరికీ తెలిసిన పరీక్షే ఇది. నూలు పోగు కాలితే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద మెత్తగా రాలిపోతుంది. పట్టు పోగు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, నలిపితే పొడవుతుంది. మీ గుడ్డ పోగు మంట తగలకముందే ముడుచుకుంది, కరిగి బొట్టులా కారింది, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగిలింది. వేళ్లతో నొక్కినా చితకలేదు. అది పాలిస్టరు జాతిదే గానీ నూలు కాదు. ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ అంతే. నాలుగోసారి మా అబ్బాయి ఫోనులో వీడియో తీశాడు.

అయ్యా, ఇక్కడ భోగి ఎలా జరుగుతుందో మీరు తెలుసుకోవాలి. తెల్లవారకముందే వీధి మొగలో మంట వేస్తారు. ధనుర్మాసమంతా పిల్లలు గొబ్బెమ్మలతోనూ ఆవు పేడతోనూ చేసి ఎండబెట్టి, తాడుకి గుచ్చిన పిడకల దండలుంటాయి. వాటిని మంటలో వెయ్యాల్సింది పిల్లలే. కొన్ని ఇళ్లలో తలంట్లు పోసి కొత్తబట్టలు కట్టాకే దండ వేయిస్తారు. మూడేళ్ల పిల్ల కుచ్చెళ్ల లంగా నేలకి జీరాడుతుంటే మంటకి రెండడుగుల దూరంలో నిలబడుతుంది. నూలుకి నిప్పంటుకోదని నేననను. అంటుకుంటుంది, త్వరగానే అంటుకుంటుంది. కానీ నూలు కాలి బూడిదై రాలుతుంది. మీరు పంపిన గుడ్డ కరిగి, వేడి వేడిగా ఒంటికి అతుక్కుంటుంది. దాన్ని లాగితే చర్మం వస్తుంది. ఆ లంగా పట్టుదే కదా, పరవాలేదు అనుకుని తల్లి నిశ్చింతగా ఉంటుంది. లోపల ఒంటికి ఆనుకుని ఏముందో ఆవిడకి తెలిసే దారి లేదు. నేను చెప్పిందే నమ్ముతుంది. నేను మీరు చెప్పింది నమ్మాను.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. అప్పటికి తొమ్మిది లంగాలు పూర్తయ్యాయి. నడుం పట్టీ దగ్గర్నుంచి అడుగు మడత దాకా కుట్లన్నీ బ్లేడుతో విప్పాను. పట్టు మీద ఒకసారి పడ్డ సూది రంధ్రాలు పూర్తిగా పూడవు. అందుకని మళ్లీ అదే గీత మీద కుట్టాలి, ఒక్క పోగు పక్కకి పోయినా కనపడుతుంది. 7వ తేదీ పొద్దున్నే అమలాపురం వెళ్లి, కొట్లోనే ఒక పోగు కాల్పించి చూసుకుని, మీటరు 82 పెట్టి నూలు లైనింగు తెచ్చాను. నానేసి ఆరబెట్టడానికి ఒక రోజు పోయింది. తర్వాత నాలుగు రాత్రులు మిషను దగ్గరే. పన్నెండు మాత్రం భోగికి ముందు రోజు, అంటే 12న, ఇవ్వగలిగాను. రెండు ఇవ్వలేకపోయాను. ఆ రెండిళ్ల వాళ్లకి కుట్టు కూలి 650 చొప్పున తిరిగి ఇచ్చేశాను.

పాత చీర లంగా ఆ పన్నెండులో ఉంది. కాలిన చోట రెండు కుచ్చెళ్లు లోపలికి తిప్పి, అంచు మీద నరసాపురం లేసు ముక్క ఒకటి అద్ది కప్పాను. చీర తెచ్చినావిడకి దాచకుండా చూపించాను. “పోన్లెండి పిన్నిగారూ, ఇది పిల్ల ఒంటి మీద ఉండగా జరగలేదు కదా” అన్నారు. ఆ అంచుని కాసేపు వేలితో తడుముతూ కూర్చుని వెళ్లారు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ఆ పిల్ల నాన్న భుజాల మీద కూర్చుని, గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి వస్తుంటే చూస్తూ కనపడింది. లేసు ముక్క నా కంటికి ఆమడ దూరం నుంచి కూడా కనపడుతోంది.

మీ సిబ్బంది జవాబుల గురించి కూడా చెప్పాలి. 7న ఫోను చేస్తే, కోసిన గుడ్డ వాపసు తీసుకోం అన్నారు. కొయ్యకుండా లంగా ఎలా కుడతారని అడిగితే ఫోను పెట్టేశారు. 8న మాట్లాడినాయన, అది కాటన్ లాగా ఉండే గుడ్డ అన్న ఉద్దేశంతో అలా రాశామన్నారు. మీ పేజీలో గానీ స్టిక్కరు మీద గానీ ‘లాగా’ అన్న మాట ఎక్కడా లేదు. 10న మెయిల్లో నూరు రూపాయల కూపను పంపారు, మళ్లీ మీ దగ్గరే కొనుక్కోమని. దాన్ని నేను వాడలేదు, వాడను.

వస్తువు గుణం మీరు ప్రకటించిన దానికి భిన్నంగా ఉంటే అమ్మినవాళ్లు వాపసు తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగివ్వడానికి గానీ నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపల పరిష్కరించాలి. కోసిన గుడ్డ అన్న మీ సొంత షరతు ఆ నిబంధనల కంటే పెద్దది కాదు.

నాకు రావలసింది ఇది. గుడ్డకీ పంపకానికీ కట్టిన 1,790. తొమ్మిది లంగాలు విప్పి తిరిగి కుట్టిన కూలి, ఒక్కోదానికి 150 చొప్పున 1,350. తిరిగిచ్చిన కుట్టు కూలి 1,300. మొత్తం 4,440 రూపాయలు. అమలాపురంలో కొన్న నూలు డబ్బు అడగటం లేదు, అది నేనెలాగూ కొనాల్సిన సరుకే. చీరకి వెల కట్టలేను, అందుకని దాని లెక్క వెయ్యలేదు.

డబ్బు కంటే నాకు ముఖ్యమైనది ఇంకోటుంది. అదే గుడ్డ ఈ పొద్దుటికీ మీ పేజీలో అదే పేరుతో, అదే నూరు శాతం కాటన్ మాటతో ఉంది. కింద ‘పిల్లల బట్టలకి అనువైనది’ అని కూడా రాశారు. దాన్ని ఇవాళే తీసేయండి, లేదా అది ఏ గుడ్డో ఆ పేరు పెట్టి అమ్మండి. పాలిస్టరు అమ్మడం తప్పని నేననటం లేదు. దానికి వేరే వాడుకలున్నాయి, తెలిసి కొనేవాళ్లున్నారు. ఇప్పటికే ఈ గుడ్డ కొన్నవాళ్లందరి ఫోను నంబర్లు మీ దగ్గరుంటాయి. ఒక్కొక్కరికీ కబురు పంపండి: ఇది నూలు కాదు, చిన్నపిల్లల ఒంటికి ఆనేలా వెయ్యకండి, వేసి కుట్టినవి ఉంటే మార్చండి అని. మార్చి 30న ఉగాది. దానికి కుట్టే పని మాలాంటివాళ్లు వచ్చే నెలలోనే మొదలుపెడతారు. దీపావళి దాకా ఆ లంగాలే పిల్లలు మళ్లీ మళ్లీ కడతారు, అప్పుడు చేతిలో కాకరపువ్వొత్తి ఉంటుంది.

ఫిబ్రవరి 20 లోగా మీ నుంచి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. ఆ తర్వాత నా జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదని తెలుసుకున్నాను. బిల్లు, స్టిక్కరు, ఫొటోలు, వీడియో ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. కత్తెర తగలని మీటరు ముక్క ఒకటి విడిగా కవరులో పెట్టి ఉంచాను. పరీక్షకి ఎక్కడికి పంపాలో మీరు రాతపూర్వకంగా చెబితే, అందులో సగం కోసి పంపుతాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇట్లు,
మీ వద్ద గుడ్డ కొన్న కుట్టుపనివారు