ఆ సమ్మె మన పిల్లలకూ సంబంధించిందే

సంపాదకుడు గారికి,

అమెరికా యూనివర్సిటీల ర్యాంకులు, ఫీజులు, వీసా నిబంధనల గురించి మీ విద్యా పేజీలో తరచూ రాస్తున్నారు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు అవి అవసరమే. ఆ క్యాంపస్‌లను మార్చిన నల్లజాతి విద్యార్థుల పోరాటం గురించి మాత్రం మన పత్రికల్లో దాదాపు ఏమీ కనిపించదు.

1968 నవంబర్ 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో బ్లాక్ స్టూడెంట్స్ యూనియన్ సమ్మెకు దిగింది. నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీలో ఉన్న ఇంగ్లిష్ అధ్యాపకుడు జార్జ్ ముర్రేను సస్పెండ్ చేయడంతో అది రాజుకుంది. తమ చరిత్ర లేని సిలబస్, తమవాళ్లకు దక్కని సీట్లు అంతకుముందు నుంచే వాళ్లను మండిస్తున్నాయి. ఆసియా, లాటిన్ అమెరికా మూలాలున్న విద్యార్థులు థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్ పేరుతో తోడు నిలిచారు. జనవరిలో అధ్యాపకుల యూనియన్ కూడా సమ్మె చేసింది. లాఠీ దెబ్బలు తిని, వందల మంది అరెస్టయినా 1969 మార్చి దాకా నిలబడ్డారు. ఆ ఏడాదే అక్కడ నల్లజాతి చరిత్ర, సంస్కృతి చెప్పే బ్లాక్ స్టడీస్ శాఖ, వివిధ జాతుల గురించి చెప్పే ఎత్నిక్ స్టడీస్ విభాగం మొదలయ్యాయి.

ఆ శాఖకు రూపురేఖలు గీసిన నేథన్ హేర్ ఉద్యోగం పోయింది. విద్యార్థుల ట్రక్కెక్కి లౌడ్‌స్పీకర్ వైర్లు పీకేసిన కాలేజీ ప్రెసిడెంట్ హయకవా తర్వాత సెనేటర్ అయ్యారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సమ్మె చేసిన విద్యార్థుల డిమాండ్లలో ఒకదాన్ని ఇవాళ అందరూ చదవాలి. నల్లజాతి కార్యక్రమాలను రద్దు చేసే అధికారం కాలేజీలను నడిపే ట్రస్టీలకు ఉండకూడదని అడిగారు. శాఖ పుట్టకముందే దాన్ని ఎవరు మూసేయగలరో ఆ కుర్రాళ్లు ఊహించారు! హైస్కూల్ విద్యార్థుల కోసం రూపొందించిన ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ కోర్సును 2023 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్ర ప్రభుత్వం తిరస్కరించింది. ఏది చదవాలో పైనుంచి నిర్ణయించే పద్ధతి ఇంకా పోలేదు.

'అది వాళ్ల గొడవ, మనకెందుకు' అనే మాట మన ఇళ్లలో వింటుంటాను. ఏషియన్ అమెరికన్ స్టడీస్ కూడా ఆ సమ్మెలోంచే వచ్చింది. అక్కడ పెరిగే తెలుగు పిల్లలు వలస వచ్చినవాళ్ల చరిత్రను క్లాసులో కూర్చుని చదువుకుంటున్నారంటే, అందులో ఆ విద్యార్థుల కష్టం ఉంది. ఆ రుణం మనం ఒప్పుకోవాలి.

అందుకే మీకు నా విన్నపం. విద్యా పేజీలో ఈ చరిత్రను కొన్ని వారాలపాటు వేయండి. 1968లో హోవర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు పాలనా భవనాన్ని ఆక్రమించడం, 1969లో కార్నెల్ యూనివర్సిటీలో ఆందోళన తర్వాత ఆఫ్రికన్ మూలాల వాళ్ల గురించి చెప్పే ఆఫ్రికానా స్టడీస్ కేంద్రం రావడం కూడా అందులో ఉండాలి. సౌత్ కరోలినా రాష్ట్రంలోని ఆరెంజ్‌బర్గ్‌ను మాత్రం వదిలేయకండి. అక్కడ నల్లవాళ్లను రానివ్వని, బంతి దొర్లించి ఆడే బౌలింగ్ కేంద్రంపై మొదలైన నిరసనలో 1968 ఫిబ్రవరి 8న పోలీసులు కాల్పులు జరిపి ముగ్గురు కుర్రాళ్లను చంపేశారు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
గుంటూరు