నెలల పేర్లను ఆకాశంలో చూపించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

చైత్రం మొదలు ఫాల్గుణం వరకు పన్నెండు నెలల పేర్లను మన బడి పిల్లలు ఎక్కాల్లాగే వల్లె వేస్తారు గానీ, ఆ పేర్లు ఎలా వచ్చాయని అడిగితే జవాబు చెప్పగలిగేవారు అరుదు. ఈ పాఠాన్ని రాత్రిపూట ఆరుబయట, ఆకాశం చూపిస్తూ నేర్పించే ఏర్పాటు చేయవలసిందిగా, విశ్రాంత ఉపాధ్యాయుడిగా మిమ్మల్ని కోరుతున్నాను.

పౌర్ణమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో ఆ నక్షత్రమే నెలకు పేరిచ్చింది. చిత్త వల్ల చైత్రం, విశాఖ వల్ల వైశాఖం, కృత్తిక వల్ల కార్తికం, మృగశిర వల్ల మార్గశిరం, మఖ వల్ల మాఘం వచ్చాయి. ఫాల్గుణం మాత్రం తెలుగు పిల్లలకు వెంటనే అందదు, ఎందుకంటే ఫల్గునీ నక్షత్రాలను మనం పుబ్బ, ఉత్తర అంటాం. ఇరవై ఏడు నక్షత్రాలను పన్నెండు నెలలకు సర్దినందువల్ల ప్రతి పున్నమికీ చంద్రుడు కచ్చితంగా ఆ నక్షత్రంలోనే ఉండడు, ఒక నక్షత్రం అటో ఇటో జరుగుతాడు. ఈ తేడాను పిల్లలే కనిపెట్టనివ్వాలి.

చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కనుక సౌర సంవత్సరానికి దాదాపు 11 రోజులు వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికే, సూర్యుడు రాశి మారని చాంద్రమాసాన్ని అధికమాసంగా లెక్కించి, తర్వాతి నెల పేరుతోనే పిలుస్తారు. 2023లో రెండు శ్రావణాలు అందుకే వచ్చాయి. ఈ సర్దుబాటు లేకపోతే కొన్నేళ్లకే చైత్ర పౌర్ణమి చిత్తను విడిచి ఎటో పోయేది. పేరుకూ అర్థానికీ అలా పొత్తు తెగిన నెలకు సెప్టెంబరే ఉదాహరణ: రోమన్లు మార్చి నుంచి లెక్కించిన కాలంలో ఏడోది కనుక ఆ పేరు పొందిన సెప్టెంబరు, నేడు తొమ్మిదో స్థానంలో అదే పేరుతో కొనసాగుతోంది.

పంచాంగం అనగానే జ్యోతిషమని అభ్యంతరం చెప్పేవారు ఉండవచ్చు. 1952లో ఏర్పాటైన పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడు ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అని వారికి గుర్తుచేయాలి. ఆ సంఘం సిఫారసు మీద 1957 మార్చి 22న అమల్లోకి వచ్చిన జాతీయ పంచాంగం చైత్రాది పేర్లనే ఉంచుకున్నా, నెలలను సూర్యుడిని బట్టి లెక్కిస్తుంది. అందుకే అందులోని చైత్రం మొదటి తేదీకీ మన ఉగాదికీ సాధారణంగా పొత్తు కుదరదు. ఎందుకు కుదరదో ఆకాశం చూసిన పిల్లవాడికి వివరించడం తేలిక.

పిల్లలు రాత్రిళ్లు కూడా ప్రాంగణంలోనే ఉండే గురుకులాల్లో దీన్ని ముందుగా ప్రారంభించవచ్చు. అవి వేర్వేరు శాఖల కింద ఉన్నాయని తెలుసు, అయినా మీరు పూనుకుంటే సాధ్యమే. పున్నమి వెన్నెలలోనూ కనిపించేంత ప్రకాశం చిత్తకు ఉంది కాబట్టి చైత్రంతో మొదలుపెట్టడం మంచిది. కృత్తికల గుంపు వెన్నెలకు వెలవెలబోతుంది గనుక, కార్తిక పౌర్ణమి దాటిన నాలుగైదు రోజులకు, చంద్రోదయానికి ముందే చూపించాలి. దీనికి దూరదర్శిని అక్కర్లేదు, వీధి దీపాల వెలుగు పడని మైదానం చాలు.

రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి చేత ఉపాధ్యాయులకు రెండు పుటల సూచనపత్రం రాయించి, వచ్చే విద్యా సంవత్సరపు క్యాలెండర్‌లో ప్రతి పౌర్ణమి పక్కన నాటి నక్షత్రాన్ని ముద్రించేలా ఆదేశాలివ్వగలరని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు