దూరినంత మాత్రాన దాని తూటా అయిపోదు: పాత రివాల్వర్లున్న మా ఖాతాదారులకి

వారం రోజులుగా గంటస్తంభం దగ్గర టీ తాగేవాళ్లకి నా కొట్టే కబురు. సరుకు లేక సాకులు చెబుతున్నానని ఒకరు, తాత పెట్టిన తుపాకుల కొట్టుని మనవడు ముంచేస్తాడని ఇంకొకరు. సరుకు ఉంది. పాత రివాల్వర్లున్న కొందరికి తూటాలు అమ్మనన్న మాటా నిజమే. ఎందుకన్నానో వాళ్ల నోటా వీళ్ల నోటా కాకుండా నా నోటనే వినండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. బొబ్బిలి అవతల నుంచి వచ్చే మాస్టారొకరు మనకి పాత ఖాతా. పోయిన నెల ఆయనకి 25 తూటాలు ఇచ్చాను. ఇచ్చింది కుర్రాడు కాదు, నేనే. రిజిస్టరులో రాశాను, లైసెన్సు పుస్తకంలో ఎక్కించాను, సంతకం పెట్టాను. సాయంత్రానికి ఆయన ఫోను: "బాబూ, ఈ తూటా వెనక అంచు మరీ సన్నగా ఉందేటి?"

పెట్టె తీసి చూస్తే కడుపులో దేవినట్టయింది. అవి పిస్టలు తూటాలు.

ఎలా జరిగిందో తెలియాలంటే, గొట్టం లావు చెప్పే .32 అన్న మాటలోని తిరకాసు తెలియాలి. కాన్పూరులో తయారయ్యే మన .32 రివాల్వర్ తినేది ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెస్సన్) లాంగ్ అనే తూటా. మిల్లీమీటర్లలో 7.65×23, చివరిది ఇత్తడి గుల్ల పొడవు. పిస్టలుకి వాడేది ఏసీపీ, 7.65×17. రెండింటినీ .32 అనే అంటారు, రెండింటినీ 7.65 అనే అంటారు. చివరనున్న 23, 17 చూస్తే తప్ప కాగితం మీద తేడా తెలియదు. మాకు సరుకు వేసే హోల్‌సేలు డీలరు బిల్లులో ఆ చివరి ముక్కే ఎగరగొట్టాడు. నేను రివాల్వర్‌వి అడిగాను, అతను పిస్టలువి పంపాడు, బిల్లు మీద మాత్రం "7.65".

ఫోను చేస్తే ఏమన్నాడో తెలుసా? "రెండూ అందులో దూరతాయి కదా సార్, ఏమవుద్ది?" ఇరవై ఏళ్లుగా అతని దగ్గర సరుకు తీసుకుంటున్నాను. ఏనాడూ ఒక్క రూపాయి బాకీ పెట్టలేదు. పండక్కి స్వీటు పెట్టె పంపే మనిషి, తప్పయిపోయిందని ఒక్క మాట అనలేకపోయాడు. పైగా విప్పిన పెట్టె వెనక్కి తీసుకోనన్నాడు. తీసుకోకపోతే పోయె, ఇక అతని దగ్గర కొనేది లేదు. దీని గురించి రాయబారాలు పంపొద్దని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులకి కూడా చెప్పేశాను.

దూరతాయన్నది అబద్ధం కాదు, అసలు ప్రమాదం అదే. ఏసీపీ తూటా ఒళ్లు లావులో రివాల్వర్ తూటాకి దగ్గరగానే ఉంటుంది. తూటాలు పెట్టే సిలిండర్‌లో, లాంగ్ తూటా కోసం చేసిన గదిలో చాలాసార్లు జారి కూర్చుంటుంది. వెనక అంచు మాత్రం సగమే ఉన్నట్టుంటుంది, ఆ సన్నటి అంచు పట్టు మీదే నిలబడాలి. లాంగ్ తూటాకి అమెరికా తయారీదారుల సంఘం పెట్టిన ఒత్తిడి హద్దు చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు (పీఎస్‌ఐ), ఏసీపీకి 20,500. కొత్త రివాల్వర్‌లోనే వాడకూడదు. నూరేళ్లనాటి దానిలో ఏమవుతుందో మాస్టారు చూడకుండా ఆగారు, అదే నా అదృష్టం.

ఇక్కడితో అయిపోతే నాలుగు ముక్కల్లో క్షమాపణ చెప్పి ఊరుకుందును.

ఆయన చేతిలోది తాతలనాటి మడత రివాల్వర్. పైన గొళ్లెం తీస్తే బ్యారెల్ ముందుకి వాలి, సిలిండర్ తెరుచుకునే రకం. బెల్జియంది, గుడ్డు ఆకారంలో లీజ్ పరీక్షాశాల ముద్ర ఉంది. నా గిల్టీ తీరక, తూటాలు లేకుండా ఖాళీగా తెప్పించి, మా మెకానిక్ మేస్త్రికి చూపించాను. ఆయన పుల్ల పెట్టి ఆరు గదులూ కొలిచి, "ఇది చిన్న తూటా బండి బాబూ. ఎవరో గదులు తొలిచేశారు" అన్నారు. బండి అంటే మా వాడుకలో రివాల్వర్.

చిన్న తూటా అంటే 1878లో వచ్చిన .32 ఎస్ అండ్ డబ్ల్యూ. నల్ల తుపాకీ మందు కాలంనాటిది. దాని ఇత్తడి గుల్ల పొడవు సుమారు 15.5 మిల్లీమీటర్లు. 1896లో వచ్చిన లాంగ్‌ది 23 పైచిలుకు. లావు రెండింటిదీ ఒకటే. అందుకే చిన్న తూటా గదిలో లోపల ఒక మెట్టు ఉంటుంది. లాంగ్ తూటా ఆ మెట్టుకి తగిలి ఆగిపోతుంది, సిలిండర్ మూతపడదు. తయారుచేసినవాడు పెట్టిన కాపలా అది. చిన్న తూటాలు దొరకని రోజుల్లో ఎవరో మహానుభావుడు ఆ మెట్టు తొలిచి పారేశాడు. తూటా దూరింది, ఉక్కు మాత్రం పాతదే, గొళ్లెం పాతదే.

అంటే నేను పదకొండేళ్లుగా ఆయనకి "సరైన" లాంగ్ తూటాలు ఇస్తూ వచ్చానే, అవీ సరైనవి కావు. చిన్న తూటా గుండు బరువు 85 గ్రెయిన్ల దగ్గర ఉంటే లాంగ్‌ది 98. గొళ్లెం దగ్గర సందు చూశాం, రెండు కాగితాలు దూరుతున్నాయి. ఆయన కాల్చింది తక్కువ, లేకపోతే ఆ సందు ఇంకా ఎక్కువుండేది.

ఆ రాత్రంతా నిద్ర లేదు. లైసెన్సులో .32 రివాల్వర్ అని ఉంది, చట్టప్రకారం అమ్మొచ్చు. నేను ఇవ్వకపోతే విశాఖలో కొనుక్కుంటారు. పైగా ఆయుధాల చట్టానికి 2019 సవరణ వచ్చాక ఒక మనిషికి రెండు ఆయుధాలే కదా. మూడోది అప్పగించాల్సి వచ్చినప్పుడు కొందరు బరువైన తుపాకీ ఇచ్చేసి తాత జేబు రివాల్వర్ ఉంచుకున్నారు. ఇప్పుడు వాళ్లకి మిగిలింది అదే. వాళ్లకి లేదని చెప్పడం నాకు సుళువు కాదు, గల్లాపెట్టెకి అసలే కాదు. తెల్లారేసరికి తేల్చుకున్నాను: చిన్న తూటా కోసం చేసిన పాత మడత రివాల్వర్‌కి లాంగ్ తూటా నా కొట్టులో అమ్మను. చిన్న తూటాలు నా దగ్గరికి వచ్చి ఏళ్లయింది, వస్తే కబురు పెడతాను. అంతవరకూ ఆ బండి బీరువాలోనే ఉండనివ్వండి.

లాంగ్ తూటాకే తయారైన కాన్పూరు రివాల్వర్‌వాళ్లకి, అది మడత రకమైనా సరే, ఏమీ మారలేదు, ఎప్పటిలాగే రండి.

పాతవి ఉన్నవాళ్లు లైసెన్సు పట్టుకుని, బండి ఖాళీ చేసి, తూటాలు ఇంట్లో వదిలి, ఏ శనివారమైనా రండి. మేస్త్రి చూస్తారు, డబ్బు తీసుకోం. బ్యారెల్ మీద ఏం రాసుందో, గదిలో మెట్టుందో లేదో, ట్రిగ్గర్ లాగి పట్టుకున్నప్పుడు సిలిండర్ ఊగుతోందో చూస్తారు. ఇంగ్లాండువైతే కిరీటం కింద ఎన్.పి. అన్న ముద్ర వెతుకుతాం, అది పొగరాని మందుతో పరీక్షించారన్న గుర్తు. ఆ ముద్ర ఉన్నా చిన్న తూటా బండి లాంగ్ బండి అయిపోదు, ముందే చెబుతున్నాను, తర్వాత కొట్టులో గొడవపడొద్దు. ఇంట్లో మీరే తూటా దూర్చి చూసుకోవడం మాత్రం వద్దే వద్దు. సిరిమాను పండగ రెండు రోజులూ కొట్టు తీయం.

మాస్టారి 25 తూటాలూ వెనక్కి తీసుకుని రిజిస్టరులో ఎక్కించాను. డబ్బులిస్తే, "తప్పు చూసింది నేను, సరిదిద్దింది నువ్వు, చెల్లుకి చెల్లు" అని తీసుకోకుండా బస్సెక్కేశారు. కవరు మీద ఆయన పేరు రాసి గల్లాపెట్టెలో వేరుగా పెట్టాను. ఈసారి వచ్చినప్పుడు ఎలాగైనా జేబులో పెట్టి పంపుతాను.