బోరెరేగ్ గోడలను చెరపకు

ఇన్వర్నెస్,
నవంబరు

కన్నా,

నీ ఫొటోలు అందాయి. రాత్రి భోజనాలు కాగానే మీ నాన్నగారూ నేనూ కంప్యూటర్ ముందు కూర్చుని అన్నీ చూశాం. ఆయన పడుకున్నాక నేను ఒక్కొక్కటే మళ్లీ తీసి నిదానంగా చూశాను. వచ్చే నెల మీ గ్లాస్గో ఫొటోగ్రఫీ క్లబ్బులో తొలిసారి నీ ఫొటోలు తెర మీద చూపించబోతున్నావు కదా, ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని అడిగావు. ఇక్కడి క్లబ్బులో ఏళ్ల తరబడి చూపిస్తూ, చూస్తూ ఉన్నదాన్ని కాబట్టి నాకు తోచింది దాచకుండా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మన స్కాట్లండ్ పడమటి తీరాన స్కై దీవిలోని బోరెరేగ్ ఫొటో సంగతి. కిల్‌క్రైస్ట్ పాత చర్చి దగ్గర కారు ఆపి, పాలరాతి గనుల మీదుగా నడిచి, సముద్రపాయ ఒడ్డుకు దిగి తీశావు దాన్ని. రెండు రకాలుగా పంపావు. మొదటిదాంట్లో పచ్చిక మధ్య మొండిగోడలు ఉన్నాయి. రెండోదాంట్లో లేవు; వాటిని చెరిపేసి ఆ చోట గడ్డి అతికించావు. గోడలు చూపును పక్కకు లాగుతున్నాయని, అవి లేకపోతే మనిషి జాడ లేని ప్రకృతి స్వచ్ఛంగా కనిపిస్తోందని రాశావు. పని శుభ్రంగా చేశావు, అతుకు ఎక్కడా తెలియడం లేదు. పోటీల్లో ప్రకృతి విభాగం ఒప్పుకోదు గాని, ఓపెన్ విభాగంలో ఇలా చెరపడం నియమాలకు విరుద్ధమూ కాదు. అయినా ఆ రెండో ఫొటో చూపించవద్దని నిన్ను గట్టిగా అడుగుతున్నాను.

ఆ గోడలు ఎవరివో తెలుసుకో. 1853 దాకా అక్కడ ఒక ఊరు ఉండేది. కొండకు అటువైపు సుయిష్‌నిష్ అని మరో ఊరు. గొర్రెలను పెంచితే ఎక్కువ లాభమని లార్డ్ మెక్‌డొనాల్డ్ ఎస్టేటును నడిపే ధర్మకర్తలు ఆ రెండు ఊళ్లనూ ఖాళీ చేయించారు. సుయిష్‌నిష్ జనం వెళ్లిపోవడాన్ని ఆర్చిబాల్డ్ గీకీ కళ్లారా చూశాడు. తర్వాత గొప్ప భూగర్భ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాడు గాని అప్పటికి కుర్రవాడే. నడవలేని ముసలివాళ్లు బండ్లలో, మిగిలినవాళ్లు మూటలు మోసుకుంటూ కాలినడకన బారులు తీరి పోతుంటే, వాళ్ల ఏడుపు లోయంతా వినిపించిందని చాలా ఏళ్ల తర్వాత రాశాడు. ఇది ఒక్క స్కైలో జరిగింది కాదు. ఉత్తరాన స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లోనూ, 1819లోనూ జనాన్ని వెళ్లగొట్టారు. మళ్లీ తిరిగి రాకుండా ఇళ్లకు నిప్పు కూడా పెట్టారు. మనిషి అడుగు పడని చోటు అని మనం మురిసిపోతూ కెమెరా తీసే లోయల్లో ఎన్నో చోట్ల ఒకప్పుడు పొయ్యిలు వెలిగాయి. బోరెరేగ్‌లో మనుషులను పంపేశాక మిగిలినవి ఆ గోడలే. వాటినీ మనం తీసేస్తే, అక్కడ ఎన్నడూ ఎవరూ లేరని నీ ఫొటో సాక్ష్యం చెబుతుంది. అది నీ చేతుల మీదుగా జరగకూడదు.

మొదటి ఫొటోను బాగా పెద్దది చేసి చూశాను. నువ్వూ చూడు. ఎడమవైపు గోడకు సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చి కట్టారు, మూల గుండ్రంగా తిరిగింది. గుమ్మం ఉండాల్సిన సందులో ఎండిపోయిన ఫెర్న్ ఆకులు ఇటుకరంగులో వాలి ఉన్నాయి. ఒక పెద్ద రాయి పైన లైకెన్ అనే రాతిపాచి తెల్లగా, సున్నపు చుక్కలు చల్లినట్టు పట్టింది. ఆ గోడ వెనక నుంచి నీళ్ల వైపు నేల మీద వరసగా గట్లు, గట్ల మధ్య పల్లాలు. అవి వాళ్ల సాగు గుర్తులు. పలచటి రాతినేల మీద మట్టిని గట్లుగా ఎగదోసి, సముద్రపు నాచును మోసుకొచ్చి ఎరువుగా వేసి, బంగాళాదుంపలు పండించుకునేవాళ్లు. చుట్టూ కొండంతా హెదర్ పొదలతో, పీటు నేలతో (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న తడినేల అది) గోధుమరంగులో ఉంటే ఈ ముక్క ఒక్కటే అంత పచ్చగా ఎందుకుందని నువ్వు రాసిన ఉత్తరంలోనే ఆశ్చర్యపోయావు. మా తాతగారి ఊళ్లో వేసవి వస్తే పాటిమట్టి కోసం బండ్లు కట్టుకుని వెళ్లేవాళ్లు, పాడుబడ్డ ఊరి నేలలో అంత సారం ఉంటుంది. ఇక్కడా అంతే. నీ ఫొటోలో మొదట చూపును ఆకట్టుకునే ఆ పచ్చదనం వాళ్ల చెమట. దాన్ని ఉంచుకుని గోడను తీసేయడం న్యాయం కాదు.

ఆ గట్లు అంత స్పష్టంగా రావడం నీ ఓపిక వల్లే. మిట్ట వేసవి మధ్యాహ్నం వెళ్లి ఉంటే అంతా ఒకే పచ్చ దుప్పటిలా కలిసిపోయేది. అక్టోబరు చివర, పొద్దు వాలేదాకా ఆగావు కాబట్టి జానెడు గట్టుకు కూడా నీడ పడింది. మన ఉత్తరాదికి చలికాలం ఇచ్చే వరం అది. డిసెంబరు నడిమధ్యలో ఇన్వర్నెస్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం మీద 9 డిగ్రీల ఎత్తుకు వచ్చి ఆగిపోతాడు. పగలు సుమారు ఆరున్నర గంటలే, ఆ ఆరున్నర గంటలూ వెలుతురు పక్కనుంచే పడుతుంది. నేలలో దాగినవన్నీ, పాత దారులు, ఇళ్ల పునాదులు, పొలం గట్లు, అప్పుడే పైకి తేలతాయి. వర్షమో మబ్బో లేని రోజు దొరకడమే కష్టం.

మిగతావాటి గురించి ఇంత రాయను. గ్లెన్‌కోలో కూపాల్ వాగు చిన్న జలపాతాన్ని ముందు పెట్టి, వెనక బూకల్ ఎటివ్ మోర్ కొండను నిలబెట్టిన ఫొటోలన్నీ పక్కన పెట్టు. చక్కగానే ఉన్నాయి. కాని ఆ గదిలో కూర్చునే ప్రతివాళ్లూ అవే రాళ్ల మీద ట్రైపాడ్ పెట్టినవాళ్లు. వాళ్ల మనసులో ఆ ఫొటో ఎప్పటినుంచో ఉంది, నీది చూస్తున్నా తమదే గుర్తొస్తుంది. అదే కొండది సాయంత్రం తీసినది ఉంది చూడు, శిఖరం మబ్బులో మునిగి, కింద రోడ్డు మీద ఒక్క లారీ దీపాలు వేసుకుని పోతున్నది. అది నీది. అది చూపించు.

రానోక్ మూర్ అనే ఆ బురద మైదానం ఫొటో తప్పక ఉండాలి. నల్లటి పీటులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఆ పైన్ చెట్టు మొద్దు ఎండిన ఎముకలా మెరుస్తోంది. ఒకప్పుడు అక్కడ అడవి ఉండేదనడానికి అలాంటి మొద్దులే ఆధారం. వేల ఏళ్లనాటి కలపను పీటు కుళ్లనివ్వకుండా కాపాడింది. వెనక సన్నగా రైలు పోతోంది కదా, ఆ లైను గురించి కూడా ఒక మాట చెప్పు. 1894లో ప్రారంభమైంది. గట్టి అడుగు దొరకని ఆ బురద మీద కొమ్మలు, చెట్ల వేళ్లు, మట్టి, బూడిద పరిచి, వాటి మీద పట్టాలు తేలేటట్టు వేశారు. ఇది వింటే చూసేవాళ్ల కళ్లు మొద్దు మీద నుంచి రైలు మీదికి, మళ్లీ మొద్దు మీదికి వెళ్తాయి.

టోరిడన్‌లో తీసిన బెన్ ఏ కొండ ఫొటోలో రంగు సరిచేయాలి. జులైలో తీసి కూడా శిఖరం మీద మంచు ఉన్నట్టు కనిపిస్తోంది. అది మంచు కాదు, క్వార్ట్‌జైట్ అనే తెల్లరాయి, విరిగి వాలంతా జారి పరుచుకుంది. నువ్వు నీలం పెంచేసరికి అచ్చం మంచయింది. బ్రిటన్ మొట్టమొదటి జాతీయ ప్రకృతి రిజర్వుగా 1951లో కాపాడుకున్న కొండ అది, క్లబ్బులో సగం మంది ఎక్కి ఉంటారు, చూడగానే పట్టేస్తారు. వాళ్లు పట్టేస్తారన్నది అటుంచు, ఆ రాయికి దాని తెలుపు ఎంతో అందం. దానికిందే ఎర్రటి ఇసుకరాయి, సుమారు వంద కోట్ల ఏళ్ల నాటిది. ఆ రెండు రంగుల తేడా కనిపించేలా ఉంచితే చాలు.

గద్ద గూడు ఫొటో చూపించినా అది ఏ చోటో మాత్రం చెప్పవద్దు, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే. ఫైలులో ఉండే స్థలం వివరాలు కూడా తీసేసి ఇవ్వు. తెల్లతోక గద్దలను గూటి దగ్గర కదిలించడం చట్టరీత్యా నేరం, మంచి మనుషులు కూడా ఉత్సాహంలో దగ్గరికి వెళ్తారు.

ఇక చూపించే పద్ధతి. తక్కువ పెట్టు. ప్రొజెక్టర్ మీద నీడలు మన కంప్యూటర్ తెర కంటే బాగా నల్లబడతాయి, అందుకని చీకటి భాగాలను కాస్త పైకి తీసుకురా. వీలైతే ముందురోజే వెళ్లి ఆ గదిలోనే ఒకసారి వేసి చూసుకో. ఒక్కో ఫొటో తెర మీద పడగానే మాట్లాడకు, వాళ్లను చూడనివ్వు. లెన్సు, షట్టరు అంకెలు అడిగితే చెప్పు. నువ్వు చెప్పవలసింది ఆ చోటు గురించి. మా క్లబ్బులో అడవుల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారు. నా ఫొటో ఒకటి చాలాసేపు చూసి, ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందని అడిగారు. పడమటి నుంచి అన్నాను. గడ్డి వాలు చూసి అనుకున్నానండీ అని తల ఊపారు. మార్కులు వేసే జడ్జీలు చాలామంది వచ్చి వెళ్లారు గాని, నా ఫొటోను అంత శ్రద్ధగా చూసినవాళ్లు తక్కువ. పక్కవాళ్ల ఫొటోలు చూసేటప్పుడు నువ్వూ అలా చూడు. బాగుంది అని ఊరుకోకుండా, ఏది నీకు నచ్చిందో పేరుపెట్టి చెప్పు. అక్కడికి వచ్చేవాళ్లు వానలో, చలిలో గంటలు నిలబడి తీసినవి తెస్తారు, వాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

ఎవరైనా బోరెరేగ్ ఫొటోలో గోడలు అడ్డంగా ఉన్నాయంటే నొచ్చుకోకు. ఇదంతా ఓపికగా చెప్పు. గ్లాస్గో వాళ్లలో ఎందరి తాతముత్తాతలు అలాంటి ఊళ్ల నుంచే పొట్ట చేతపట్టుకుని ఆ నగరానికి వచ్చారో నీకు తెలియదు. ఆ గదిలోనే ఎవరో ఒకరు తమ ఇంటి కథ చెప్పవచ్చు. చెబితే శ్రద్ధగా విని నాకు రాయి.

బోరెరేగ్ ఫొటో రా (RAW) ఫైలు, అంటే కెమెరా నుంచి వచ్చినది వచ్చినట్టు ఉన్నది, నాకు పంపు, పెద్ద ప్రింటు ఇక్కడ నేను తీయిస్తాను. ప్రింటు అమర్చే 50 × 40 సెంటీమీటర్ల మౌంటు బోర్డులు ఇంట్లో ఉన్నాయి, నువ్వు కొనవద్దు. సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు దొరికితే రా, గ్లెన్ ఆఫ్రిక్ వెళ్దాం. పాత పైన్ అడవిలో ఆ నెల వెలుతురు నీకు చూపించాలని ఉంది. దారి గడ్డకట్టి ఉంటుంది, బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు మర్చిపోకుండా తెచ్చుకో. మీ నాన్నగారు కారు నడుపుతానంటున్నారు.

ఆశీస్సులతో,
అమ్మ