ఎన్ని టిక్కీల్లో ఎంత తాలు

క్లీవ్‌లాండ్,
18 జనవరి 2026, ఆదివారం

నాన్నగారికి,

నమస్కారాలు. మూడు వారాలుగా నేను ఫోన్ చేసినప్పుడల్లా "ఇదుగో మీ అమ్మ" అని ఇచ్చేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే తమ్ముడు చదివి వినిపిస్తాడు, మధ్యలో సొంత కవిత్వం కలుపుతాడు.

నేను బాగానే ఉన్నాను. బయట మోకాలు లోతు మంచు, గదిలో వెచ్చగానే ఉంటుంది, అమ్మని కంగారు పడొద్దనండి. భోగి నాడు రాత్రి డ్యూటీ. అరిసెలు అందాయి. సగం విరిగాయి, అయినా డ్యూటీ రూములో నిమిషంలో ఖాళీ. నువ్వులు రాలిన ఆ కవరు ఇంకా పారేయలేదు, విప్పితే మన వంటిల్లే.

ఆసుపత్రిలో రెసిడెన్సీ ట్రైనింగు సంగతి కొత్తగా చెప్పడానికేం లేదు. వారానికి 80 గంటలు దాటకూడదని రూలు. అది నాలుగు వారాల సగటు కాబట్టి ఒక వారం దాటినా ఇంకో వారంలో సర్దేస్తారు. ఏడు రోజులకొకసారి సెలవు. ఈరోజు అదే.

ఇక చదువు. ఆగస్టులో ఎంపీహెచ్‌లో, అదే ప్రజారోగ్యం కోర్సులో, చేరి క్రిస్మస్ వారంలో మీకు చెప్పాను. తప్పు నాదే. చెబితే వద్దంటారని చెప్పలేదు, అంతే. "ఎంబీబీఎస్ అయింది, రెసిడెన్సీ అవుతోంది, మళ్ళీ ఇదేం చదువు, ఎప్పటికి పెళ్ళి" అని పిన్ని కూడా అందట. పిన్నికి నేను వేరే చెప్పుకుంటాను. మీకు మాత్రం అసలు సంగతి చెప్పాలి.

అక్టోబరులో మొదటి స్టాటిస్టిక్స్ పరీక్షలో 100కి 58 వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి ఇక్కడ పొద్దున ఏడున్నర, మీకు సాయంత్రం ఐదు. ఆ పూటే పరీక్ష రాశాను. సగంలో కళ్ళు మూతలు పడిపోయాయి. లేచి చూస్తే స్క్రీను మీద ఒక్కటే అక్షరం, నాలుగు వరసల నిండా. మానేద్దామనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది మీ ఎర్ర అట్ట ఖాతా పుస్తకం.

మిర్చి యార్డు నుంచి వచ్చి మీరు చెప్పేవారు కదా, "అరవై టిక్కీలు దిగాయి, పద్నాలుగింట్లో తాలు" అని. అరవై బస్తాల్లో పద్నాలుగింట్లో రంగు పోయిన కాయ ఉందని. ఉత్త పద్నాలుగంటే మీరు ఊరుకునేవారు కాదు. ఎన్నింట్లో పద్నాలుగు, ఏ ఊరి కాయ, ఎవరి కల్లంలో ఆరింది, వాన ఎప్పుడు తగిలింది, అన్నీ పక్క గళ్ళల్లో రాసేవారు. నాన్నగారూ, ఈ చదువంతా అదే. ఆసుపత్రిలో మాకు కనపడేవి తాలు కాయలే. మొత్తం ఎన్ని టిక్కీలు, ఏ కల్లంలో తేడా వచ్చిందీ అడగటం ఎంపీహెచ్. దానికి మీ దగ్గర ఫీజు లేదు, ఇక్కడ ఉంది.

1854లో లండన్‌లో కలరా వస్తే జాన్ స్నో అనే డాక్టరు చావులన్నీ వీధుల వారీగా రాసుకుని, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక పంపు దగ్గర ఆగాడు. దాని నీళ్ళే కారణమని పిడి తీయించాడు. ఆ పాఠం వింటుంటే నాకు 2018 మార్చి గుర్తొచ్చింది. మన గుంటూరులో ఆనందపేట వైపు నీళ్ళు కలుషితమై, విరేచనాలతో జనం పెద్దాసుపత్రికి వచ్చారు చూడండి. నేనప్పుడు స్టూడెంట్‌ని. సెలైన్ సీసాలు మోశాను. ఒక ముసలమ్మ నా చున్నీ అంచు పట్టుకుని వదల్లేదు. మీ ఇల్లెక్కడ, ఏ కుళాయి నీళ్ళు తాగారు అని అడగాలని నాకు తట్టనే లేదు. ఇప్పుడు తట్టి ఏం లాభం అంటారు. తెలుసు.

ఇక్కడ నేను చేస్తున్న ప్రాజెక్టు గుండె బలహీనపడిన రోగుల మీద. కాళ్ళ వాపుతో, ఆయాసంతో వస్తారు, నీరు తీసి పంపిస్తాం, 30 రోజులు తిరక్కుండా మళ్ళీ వస్తారు. ఇలా తిరిగొచ్చే వాళ్ళు ఎక్కువైతే 2012 నుంచి ప్రభుత్వం ఆసుపత్రులకు ఇచ్చే డబ్బులో కోత పెడుతోంది. ఇంటికెళ్ళి ఏం తింటున్నారని అడిగితే డబ్బా సూపు. ఒంటరి ముసలివాళ్ళు, ఎవరు వండి పెడతారు? ఆ డబ్బా నిండా ఉప్పే. అది రాసుకుంటున్నప్పుడు మీ కంచంలో ఆవకాయ కనపడింది. మీకు కోపం వస్తుంది, అయినా అడుగుతాను: బీపీ బిళ్ళ రోజూ వేసుకుంటున్నారా, తల తిరిగినప్పుడేనా? అమ్మ "వేసుకుంటారు లే" అంటుంది. ఆ "లే" నాకు నచ్చలేదు.

శంకర్ విలాస్ బ్రిడ్జి పని ఎంతవరకు వచ్చింది? మీరు స్కూటరు మీద ఆ చుట్టూ తిరుగుతున్నారంటే నాకు టెన్షన్. ఆటోలో వెళ్ళండి.

తిరిగి రాకుండా ఉండటానికే ఈ చదువు అని మీరు అమ్మతో అన్నారట. నా వీసా జే-1. రెసిడెన్సీ అయ్యాక రెండేళ్ళు మన దేశంలో ఉండాలి. లేదంటే ఇక్కడే డాక్టర్లు లేని ఊళ్ళో మూడేళ్ళు పనిచేస్తే మినహాయింపు దొరకొచ్చు. ఏది చేస్తానో ఇంకా తేల్చుకోలేదు. అబద్ధం చెప్పను. కానీ గుంటూరులో పనికొచ్చే చదువు ఏదైనా చదివానంటే ఇదే.

డబ్బు గురించి అడగొద్దు, జీతంలోంచే కడుతున్నాను. ఐసీయూ నెలలు పడితే ఆ సెమిస్టరు ఒకే సబ్జెక్టు. డిసెంబరు చివరి పరీక్షలో 81.

అమ్మకు చెప్పండి, గోంగూర ఈసారి సీసాలో వద్దు, నూనె కారింది. పాలిథిన్ కవరు రెండు పొరలు.

ఒక్క పని చేసిపెట్టండి. ఖాతా పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి, రోజూ పొద్దున కాఫీకి ముందు బీపీ చూసుకుని రాయండి. తేదీ, పైది, కిందది. రాత్రి ఊరగాయ వేసుకుంటే పక్క గడిలో ఒక చుక్క. వచ్చే ఆదివారం ఆ పేజీ మీరే చదివి వినిపించాలి. ఫోన్ అమ్మకివ్వకండి.

మీ
చిట్టి